ఫ్లాట్‌బెడ్ లారీ నేర్చుకోవడం ఎలా: ఖాళీ మైదానం నుంచి మొగిలి ఘాట్ దాకా

"కారు బాగానే తోలుతాను, ఫ్లాట్‌బెడ్ ఎన్నాళ్లకు వస్తుంది?" రేణిగుంటలోనైనా చిత్తూరులోనైనా లారీ ఎక్కాలనుకునే ప్రతి కుర్రాడూ అడిగేది ఇదే. స్టీరింగూ గేర్లూ త్వరగానే చేతికొస్తాయి. చేతికి రానిది లోడు. కంటైనర్ బాడీలో సరుకు జారితే గోడకు తగిలి ఆగుతుంది. ఫ్లాట్‌బెడ్‌కు గోడల్లేవు కాబట్టి జారిన సరుకు రోడ్డు మీదైనా పడుతుంది, మీ కేబిన్‌లోకైనా దూసుకొస్తుంది. అందుకే ఇక్కడ తోలడానికి ఎంత చోటిచ్చామో, కట్టడానికీ అంతే ఇచ్చాం. ఇదంతా ఆరు చక్రాల, రెండు యాక్సిళ్ల బండికి రాసింది. ట్రైలర్ జోలికి ఇది చేతికొచ్చాకే వెళ్లండి.

కాగితాలు

హెవీ (పెద్ద బండి) లైసెన్సుకు 20 ఏళ్లు నిండాలి, కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటాలి. డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ పెట్టి రవాణా శాఖ సారథి పోర్టల్‌లో లెర్నర్స్‌కు దరఖాస్తు చేయండి. లెర్నర్స్ వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టు. ఆ లెర్నర్స్ ఆరు నెలలే చెల్లుతుంది. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్ కూడా కావాలి. నేర్చుకునేటప్పుడు ముందూ వెనకా 'ఎల్' బోర్డు ఉండాలి, పక్కన హెవీ లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. క్లీనర్ కూర్చుంటే సరిపోదు.

అంత ఆగలేకపోతే ఒక దారి ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని చిన్న సరుకు బండిని కారు లైసెన్సుతోనే తోలవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. ముందు చిన్న ఫ్లాట్‌బెడ్ మీద కట్టడం నేర్చుకుని, తర్వాత పెద్ద బండి ఎక్కడం తెలివైన పని.

దగ్గర ఉంచుకోవలసినవి

- 10 మీటర్ల టేపు, ముగ్గుపిండి, ఆరు పాత టైర్లు లేదా ఖాళీ పెయింటు డబ్బాలు
- టైరు గేజి, ఇనుప రాడ్డు, చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మెలు
- 50 మిల్లీమీటర్ల రాట్చెట్ బెల్టులు (మీట ఆడించి బిగించేవి) కనీసం ఆరు, బిగించే సాధనంతో రెండు చైన్లు
- రబ్బరు మ్యాటు ముక్కలు, మూలల దగ్గర బెల్టు తెగకుండా పెట్టడానికి పాత టైరు ముక్కలు, గ్లవుజులు
- ఫ్లాట్‌బెడ్ మీదే పనిచేసిన సీనియర్ డ్రైవర్. టిప్పర్ డ్రైవరన్న గేర్లు బ్రహ్మాండంగా నేర్పుతాడు, కానీ ఆయనకు సరుకు కట్టే అవసరమే పడదు.

1. తాళం పెట్టక ముందు బండి చుట్టూ తిరగండి

టైర్ల గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మే నెల ఎండలో తిరుపతి రోడ్ల మీద తిరిగొచ్చిన టైరులో గాలి ఎక్కువ చూపించడం సహజం. అది చూసి గాలి తీసేశారంటే రాత్రికి టైరు మెత్తబడుతుంది. వెనక జంట టైర్లలో లోపలిది కంటికి కనపడదు, రాడ్డుతో కొట్టి చూడండి. గాలి ఉన్న టైరు నుంచి రాడ్డు ఎగిరి వస్తుంది, లేనిదైతే మొద్దుగా 'దబ్' మంటుంది. రెండు టైర్ల మధ్య రాయి ఇరుక్కుంటే అప్పుడే తీసేయండి. వీల్ నట్ల నుంచి తుప్పు చారలు బయటికి పాకి ఉంటే ఆ నట్టు వదులైందని అర్థం.

ఇంజన్ వేసి ఎయిర్ గేజి నిండేదాకా ఆగండి. చాలా బండ్లలో ముల్లు 7, 8 బార్ల మధ్య నిలుస్తుంది. ఇప్పుడు చక్రాల కింద దిమ్మెలు పెట్టి, ఇంజన్ ఆపి, బ్రేకు పెడల్ గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. ముల్లు సుమారు 0.2 బార్ కంటే ఎక్కువ పడిపోతే ఎక్కడో గాలి లీకవుతోంది. ఆ బండిని రోడ్డెక్కించకండి. రాత్రి ఆపేటప్పుడు ఎయిర్ ట్యాంకుల అడుగున ఉన్న వాల్వు లాగితే నీళ్లు వస్తాయి. రోజూ ఎక్కువగా వస్తుంటే గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయ్యర్‌ను మెకానిక్‌కు చూపించాలి.

చివరగా సరుకు పెట్టే ప్లాట్‌ఫారం ఎక్కి చూడండి. పలకల్లో పగుళ్లు, ఊడిన మేకులు, బెల్టు తగిలించే కొక్కాలకు వెల్డింగ్ చీలికలు ఉన్నాయేమో చూడాలి. నేల మీద గ్రీజు, ఇసుక, తడి ఉంటే ఊడ్చేయండి. ఇసుక మీద పెట్టిన సరుకు ఎన్ని బెల్టులేసినా కదులుతుంది.

2. అద్దాలు

అద్దంలో నాలుగో వంతు మీ బండి పక్కభాగం, మిగతాదంతా రోడ్డు కనిపించాలి. వెనక టైరు నేలకు ఆనే చోటు తప్పకుండా కనపడాలి. ఉబ్బు అద్దంలో వస్తువులు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాయి, దూరం అంచనాకు దాన్ని నమ్మకండి. క్లీనర్‌ని ఎడమ పక్క కేబిన్ తలుపు నుంచి వెనక్కి నడవమని చెప్పి, ఎక్కడ మాయమవుతున్నాడో చూసుకోండి. ఆటోలూ స్కూటర్లూ వచ్చి దూరేది సరిగ్గా అక్కడే.

3. ఖాళీ మైదానంలో మలుపులు

కారు తోలినవాళ్లందరూ మొదట చేసే తప్పు స్టీరింగ్ తొందరగా తిప్పేయడం. లారీలో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. 5.2 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) ఉన్న బండి 10 మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే వెనక చక్రం దాదాపు ఒకటిన్నర మీటరు లోపలి నుంచి వెళ్తుంది. తిరుపతి లాంటి ఊళ్లో ఆ ఒకటిన్నర మీటరులో పూల బండో, విద్యుత్ స్తంభమో, ఒక కుటుంబం నిలబడిన డివైడరో ఉంటుంది.

ఎలా చేయాలంటే:

అ) ముగ్గుపిండితో నేల మీద ఎల్ ఆకారంలో రోడ్డు గీయండి. వెడల్పు మొదట 7 మీటర్లు, అలవాటయ్యాక 5.5 మీటర్లు. లోపలి మూలలో ఒక డబ్బా పెట్టండి.

ఆ) ఫస్ట్ గేరులో, మీ భుజం మూలను దాటే వరకు నేరుగా వెళ్లండి. అప్పుడు స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టండి. చూపు తిరిగే వైపు అద్దంలో, వెనక టైరు మీద ఉండాలి.

ఇ) దిగి టైరు అచ్చులు చూడండి. ముందు టైరు అచ్చుకీ వెనక టైరు అచ్చుకీ దూరం టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. మీ బండి అంకె మీకు తెలిసినట్టే. ఇరుకు మలుపులో కావలసింది ఆ అంకే.

ఇంకొకటి. వెనక యాక్సిల్ దాటి బయటికి ఉన్న ప్లాట్‌ఫారం తోక, మీరు కుడికి తిరిగితే ఎడమకు ఊగుతుంది. ఆగి ఉన్న బస్సు పక్క నుంచి పూర్తి స్టీరింగ్‌తో బయటికొస్తే తోక మూల బస్సుకు గీసుకుంటుంది. ముందు కాస్త నేరుగా సాగి, తర్వాత తిప్పండి.

ఎలా సరిచూసుకోవాలి: డబ్బా కదలకుండా కుడికి ఐదుసార్లు, ఎడమకు ఐదుసార్లు వరసగా రావాలి. ఒక్కసారి తగిలినా మళ్లీ ఒకటి నుంచి లెక్క.

4. రివర్స్

క్లీనర్‌తో ముందే మాట అనుకోండి. "రానీ రానీ" అంటే రావాలి, "ఆపు" అంటే ఆపాలి. "కొంచెం" అనే మాట వాడొద్దు, ఎవరి కొంచెం వారిది. అడుగుల్లో చెప్పమనండి. క్లీనర్ అద్దంలోంచి మాయమైన మరుక్షణం బ్రేకు వేయాలి. "అక్కడే ఉంటాడులే" అనుకోవడం వల్లే క్లీనర్లు బండికీ గోడకీ మధ్య నలిగిపోతారు.

వీలున్నప్పుడల్లా వెనక భాగం కుడి పక్కకు, అంటే మీరు కూర్చున్న వైపుకు వచ్చేలా పెట్టుకోండి. అటు తల బయటపెట్టి చూడగలరు. ఎడమకు రివర్స్ అంటే గుడ్డి వైపు. మొదటి వారం అది మైదానంలోనే చేయండి.

తప్పిపోతే స్టీరింగ్‌తో కుస్తీ పట్టకండి. ముందుకు లాగి, బండి నేరుగా చేసుకుని, మళ్లీ మొదలుపెట్టండి. సీనియర్లు కూడా రెండు మూడుసార్లు లాగుతారు. గోడౌన్ దగ్గర ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

5. ఖాళీ బండితో రోడ్డు

ఖాళీ బండి తేలికని అందరూ అనుకుంటారు. ఒక విషయంలో అది లోడు బండికంటే మోసకారి. వెనక యాక్సిల్ మీద బరువు లేనందున గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు పట్టేసి జారతాయి. తడి రోడ్డు మీద, చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ లేని పాత బండిలో తోక పక్కకు తిరిగిపోతుంది. కాబట్టి ముందే యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి.

మొదటి ప్రయాణాలకు తిరుపతి–నాయుడుపేట హైవే లాంటి వెడల్పు రోడ్డు, పగటిపూట ఎంచుకోండి. ముందున్న బండికీ మీకూ ఖాళీగా ఉన్నప్పుడు 3 సెకన్లు, లోడుతో 5 సెకన్ల దూరం ఉంచండి. 60 కిలోమీటర్ల వేగంలో 5 సెకన్లంటే దాదాపు 83 మీటర్లు. ఆ సందులో ఎవడో కారు దూర్చుతాడు. కోప్పడకుండా మళ్లీ వెనక్కి తగ్గండి.

తెల్లవారుజామున తిరుపతి వైపు వచ్చే రోడ్ల మీద ఎడమ అంచున పాదయాత్ర భక్తులు గుంపులుగా నడుస్తుంటారు. చిత్తూరు పక్కన రాత్రిపూట వెనక లైటు లేని చెరకు ట్రాక్టర్లు ఎదురవుతాయి. ఈ రెండూ అలవాటయ్యేదాకా చీకటి ప్రయాణం వద్దు.

క్లచ్ గురించి ఒక మాట. జూన్, జులైలలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు లోడు బండ్లు గంటల తరబడి పాకుతాయి. అక్కడ సగం క్లచ్ మీద బండిని నిలబెట్టేవాళ్లు సీజన్ అయ్యేలోపే క్లచ్ ప్లేటు మార్చుకుంటారు. న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేకు వేయండి. ముందు రెండు బండ్ల ఖాళీ ఏర్పడ్డాకే కదలండి.

6. లోడు ఎక్కించడం

ఆర్‌సీలో రెండు అంకెలు చూడండి: ఖాళీ బరువు, మొత్తం బరువు. రెండు యాక్సిళ్ల లారీకి గరిష్ఠంగా 18.5 టన్నులు. ముందు యాక్సిల్‌కు 7, వెనక జంట టైర్ల యాక్సిల్‌కు 11.5. మీ ఆర్‌సీలో తక్కువ ఉంటే అదే లెక్క. ఖాళీ బండి 6 టన్నులైతే ఎక్కించగలిగేది 12.5 టన్నులు. మించితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. పక్కలకో వెనక్కో పొడుచుకొచ్చినా అదే సెక్షన్ కింద 20,000.

బరువు మధ్యభాగం వెనక యాక్సిల్‌కు కొద్దిగా ముందు పడాలి. మరీ వెనక్కి వెళ్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. గ్రానైట్ దిమ్మె లాంటి ఒంటి సరుకుతో ఈ తప్పు సులభంగా జరుగుతుంది, ఎందుకంటే క్రేన్ వాడు తనకు అందిన చోట దించేస్తాడు. దించక ముందే చాక్‌పీసుతో ప్లాట్‌ఫారం మీద గీత గీసి చూపించండి.

ఎలా సరిచూసుకోవాలి: కాటా మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం చూడండి, తర్వాత బండి మొత్తం. రెండో అంకె నుంచి మొదటిది తీసేస్తే వెనక యాక్సిల్ బరువు. మొత్తం సరిపోయినా ఒక యాక్సిల్ మించితే సరుకు జరపాల్సిందే.

7. కట్టడం

"ఐదు టన్నుల బెల్టు వేశాను, రెండు టన్నుల మిషను ఎక్కడికి పోతుంది?" అన్న ధీమా ప్రమాదం. ఆ ఐదు టన్నులన్నది బెల్టును చుట్టి లాగినప్పుడు అది తట్టుకునే బలం. పైనుంచి వేసి చేత్తో రాట్చెట్ బిగిస్తే సరుకు మీద పడే లాగుడు మామూలు రాట్చెట్‌తో ఒక్కో పక్క సుమారు 300 కిలోలే.

లెక్క చూడండి. గట్టి బ్రేకులో సరుకు ముందుకు పోకుండా ఉండాలంటే దాని బరువులో 80 శాతాన్ని ఆపగలగాలి. పక్కలకూ వెనక్కూ 50 శాతం. రెండు టన్నుల మిషనుకు ముందువైపు 1,600 కిలోలు. నున్నటి నేల మీద రాపిడి 0.3, అంటే బరువులో 30 శాతం, అనుకుంటే 600 ఆపుతుంది, ఇంకా 1,000 కావాలి. ఒక బెల్టు నిటారుగా దిగి రెండు పక్కలా కలిపి 600 కిలోలు నొక్కితే రాపిడి 180 పెరుగుతుంది. అంటే ఆరు బెల్టులు. అదే మిషను కింద రబ్బరు మ్యాటు వేస్తే రాపిడి సుమారు 0.6 అవుతుంది, రెండు బెల్టులతో లెక్క సరిపోతుంది. మ్యాటు ధర చూసి వెనకాడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

వరుస ఇది:

అ) సరుకును ముందున్న హెడ్‌బోర్డుకు ఆనించండి. బరువు పంపిణీ కోసం ఆనించలేకపోతే మధ్య ఖాళీలో దుంగలు అడ్డం పెట్టి మేకులు కొట్టండి.

ఆ) కింద మ్యాటు. గుండ్రని సరుకైతే రెండు పక్కలా చెక్క ఆపులు.

ఇ) పైనుంచి వచ్చే బెల్టు వీలైనంత నిటారుగా దిగాలి. నేలతో 30 డిగ్రీలే ఉంటే నొక్కుడు సగం.

ఈ) పదునైన మూల ఉన్న ప్రతిచోటా టైరు ముక్క. తెగిన, ముడి వేసిన, లేబుల్ ఊడిన బెల్టు పక్కన పడేయండి. ముడి బలాన్ని బాగా తగ్గించేస్తుంది.

సరుకును బట్టి మార్పులు ఉంటాయి. గ్రానైట్ పలకలు ఇంగ్లిష్ 'A' అక్షరం ఆకారపు స్టాండు మీద రెండు పక్కలా సమానంగా ఉండాలి. దించేటప్పుడు కూడా ఒకటి ఇటు, ఒకటి అటు. ఒక పక్క మొత్తం దించేస్తే స్టాండే తిరగబడుతుంది. కట్టు విప్పేటప్పుడు పలకలు వాలే వైపు ఎవరూ నిలబడకూడదు. శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చే ఇనుప పైపులకు ప్రతి వరుస మధ్యా చెక్కలు, పక్కన నిలువు కమ్మీలు, కట్ట మొత్తాన్ని చుట్టి వచ్చే బెల్టు కావాలి. పైనుంచి వేసిన బెల్టు ఒక్కటే అయితే మధ్య పైపు జారి బయటికొస్తుంది. ఇనుప చువ్వలు ప్లాట్‌ఫారం దాటి వెనక్కి పొడుచుకురావడం నిషేధం, ఎర్ర గుడ్డ కడితే చెల్లుతుందనుకోకండి. మామిడి క్రేట్లకు తాడూ పట్టా చాలు, కానీ నైలాన్ తాడు సాగుతుంది కాబట్టి తరచూ బిగించాలి.

చివరి పని: వెదురుకర్రతో నేల నుంచి అత్యంత ఎత్తైన చోటు వరకు కొలిచి, ఆ అంకె చీటీ మీద రాసి సీటు ముందు అంటించండి. రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర ఎత్తు బోర్డు కనిపించినప్పుడు ఆలోచించే సమయం ఉండదు. పల్లెల్లో వేలాడే కరెంటు తీగలకు బోర్డే ఉండదు, అనుమానముంటే దిగి చూడండి.

ఎలా సరిచూసుకోవాలి: 10, 15 కిలోమీటర్లు పోయాక తప్పకుండా ఆపి మళ్లీ బిగించండి. మొదటి కుదుపులకు సరుకు సర్దుకుని కట్టు వదులవుతుంది. తర్వాత టీకి ఆగిన ప్రతిసారీ బెల్టును అరచేత్తో కొట్టి చూడండి, బిగువుగా ఉంటే చెయ్యి ఎగిరి వస్తుంది.

8. ఘాట్ దిగడం

మొదటిసారి సగం లోడుతో, పగలు, పక్కన సీనియర్‌తో వెళ్లండి. పలమనేరు నుంచి బంగారుపాళ్యం వైపు దిగే మొగిలి ఘాట్ దీనికి సరైన పరీక్ష. భాకరాపేట ఘాట్‌లో మలుపులు బిగువు, అది తర్వాత.

అ) దిగుడు మొదలవక ముందే ఆపి ఎయిర్ గేజి, బ్రేకు, కట్లు చూడండి.

ఆ) పైనే గేరు తగ్గించండి. వాలు మధ్యలో తగ్గిద్దామంటే గేరు పడకుండా న్యూట్రల్‌లో ఇరుక్కుపోవచ్చు. సరైన గేరులో బండి బ్రేకు లేకుండానే దాదాపు ఒకే వేగంలో దిగుతుంది.

ఇ) ఇంజన్ పొగ దారిని మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వేయండి. అది గేరులో ఉండి, క్లచ్ వదిలి ఉంటేనే పనిచేస్తుంది.

ఈ) వేగం 40 దాటబోతే గట్టిగా బ్రేకు నొక్కి 30కి తెచ్చి పూర్తిగా వదిలేయండి. పెడల్ మీద కాలు ఆనించి కిందిదాకా ఈడిస్తే బ్రేకు డ్రమ్ములు కాలిపోయి, అవసరమైనప్పుడు బ్రేకు పట్టదు.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లు ఇంకా ఉన్నారు. కొత్త ఇంజన్లలో గేరు వేసి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ దాదాపు ఆగిపోతుంది, న్యూట్రల్‌లోనే ఐడ్లింగ్‌కు ఖర్చవుతుంది. ఆ లెక్కన కూడా నష్టమే.

కాలిన వాసన వస్తే వెంటనే వెడల్పైన చోట ఆపి, చక్రాల కింద దిమ్మెలు పెట్టి చల్లారనివ్వండి. వేడి డ్రమ్ము మీద నీళ్లు పోయకండి, పగులుతుంది. బయలుదేరేటప్పుడు దిమ్మెలు తీసుకోండి. రాళ్లు పెట్టి ఉంటే వాటిని రోడ్డు మీద వదిలి పోకండి, రాత్రికి బైకు మీద వచ్చేవాడికి అవి కనపడవు.

ఎలా సరిచూసుకోవాలి: కింద బంగారుపాళ్యం దగ్గర ఆపి, ప్రతి చక్రం హబ్ (నడిమి భాగం) దగ్గరగా అరచేయి పెట్టి వేడి చూడండి, తాకొద్దు. అన్నీ ఇంచుమించు ఒకే వేడిలో ఉండాలి. ఒకటి మరీ కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. ఒకటి చల్లగా ఉంటే ఆ చక్రానికి బ్రేకే పడటం లేదు, మిగతా మూడే మిమ్మల్ని దించాయి. రెండింటిలో ఏదైనా సరే, మెకానిక్ చూశాకే లోడు కదలాలి.